నాగటిగడ్డ పువ్వు

బాపు సంవత్సరీకానికి ఊరికి పోయినం. హన్మకొండల పొద్దున్నే బయలెల్లి, ములుగుల ఆగి చాయ్ తాగి, గోవిందరావుపేట, పస్రా దాటినంక డ్రైవర్ తమ్మునికి ఏసీ బంద్ చెయ్యమని చెప్పి అద్దాలు దింపిన. ఎన్నేండ్లయినా నాకు అదే అలవాటు, ఆ అడవి గాలి మొఖానికి తాకితేనే ఇంటికి పోతున్నట్టు అనిపిస్తది. రాత్రి వాన పడి వెలిసింది. తడిసిన ఆకు వాసన, ఎర్రమట్టి వాసన, అవన్నీ తెలిసినయే, గని ఈసారి అందుల ఇంకో వాసన కలిసింది. కట్టెకోత మిషన్ కాడ పొట్టు కుప్ప వానకు తడిసి నాలుగు రోజులుంటే వస్తది చూడండి, అట్లాంటి వాసన, కొంచెం పులిసినట్టు.

తాడ్వాయి నుంచి మేడారం దిక్కు మళ్లినంక అర్థమైంది. 2024 ఆగస్టు 31 నాటి గాలిదుమారానికి పడ్డ చెట్లు. వందల ఎకరాల్ల వేల చెట్లు ఒక్క సాయంత్రంల కూలిపోయినయని అప్పుడు టీవీల చూసినం, వాట్సాప్‌ల వీడియోలు వచ్చినయి, గని ఏడాది దాటినంక కూడ ఆ మొదళ్లు వేర్లతోని సహా పైకి లేచి, ఆ వేర్లు మట్టి పెళ్లలను ఇంకా పట్టుకొని ఉండుడు కండ్లతోని చూస్తే పానం ఎట్లనో అయింది. చిన్నప్పుడు పట్టపగలు కూడ నీడ ఉండే తొవ్వ అది. ఇప్పుడు తలెత్తితే ఆకాశమే.

ఒక పడ్డ మాను పక్కపొంటి, ఎండ నేరుగ నేలకు తాకుతున్న కాడ, ఎర్రగ ఏదో మెరిసింది. ముందు ఎవరో పారేసిన ప్లాస్టిక్ కవర్ అనుకున్న. కారు నాలుగు గజాలు ముందుకు పోయినంక "ఆపు తమ్మీ" అని అరిచిన, ఎంత గట్టిగ అంటే వెనకసీట్ల నిద్రపోతున్న మా పాప లేచి కూసున్నది.

నాగటిగడ్డ పూసింది. ఎండిన కొమ్మ ఒకటి పట్టుకొని పైకి పాకి, ఏడు పూలు. రోడ్డు మీదనే నిలబడి చూసిన, లోపలికి పోలే. సంవత్సరీకానికి టైం అయితున్నదని మా ఆయన రెండు మాట్ల పిలిచిండు.

పుస్తకాల్ల దీన్ని అడవినాభి అంటరు, అగ్నిశిఖ అంటరు, సంస్కృతంల లాంగలి. లాంగలం అంటే నాగలే. మా బాపమ్మకు ఒక్క అక్షరం రాదు, బడి మొఖం చూడలే, గని ఆమె కూడ దాన్ని నాగటిగడ్డ అనే అన్నది. మట్టి తీసి చూస్తే తెలుస్తది ఆ పేరు ఎందుకొచ్చిందో. గడ్డ తిన్నగ ఉండదు, మోచెయ్యి మడిచినట్టు వంగి ఉంటది, రెండు కొమ్ములు, పైన గోధుమరంగు పొర, లోపల తెల్లగ. కొమ్ము మొన మీద ఒక చిన్న కన్ను. ఎండకాలమంత అది భూమిల సప్పుడు చెయ్యకుండ పడుకుంటది, మిరుగం వానలు పడంగనే ఆ కన్ను లేస్తది.

బాపమ్మ మేకలు కాసేది. బడి లేని రోజు నేను ఆమె ఎన్క పడేదాన్ని. పొద్దున జొన్నగట్క, మామిడికాయ తొక్కు సద్ది కట్టుకొని, గొంగడి భుజాన ఏసుకొని, చేతిల సన్నపు కొంకి కట్టె పట్టుకొని ముందు నడిచేది. మేకల మెడల గంటలు ఒక్కో తీరు మోగుతయి, కండ్లు మూసుకొని కూడ ఏది ఎటు పోయిందో ఆమె చెప్పేది. చుట్ట ముట్టిస్తే ఆ పొగ వాసన తడి గొంగడి వాసనతోని కలిసి ఒక వాసన అయ్యేది, ఇప్పుడు నాకు ఎక్కడ దొరుకుతది అది. వాన గట్టిగ పడితే గొంగడి కొప్పెర పెట్టుకొని నన్ను లోపలికి గుంజుకునేది, గొంగడి మీద పడే వాన సప్పుడు రేకుల మీద పడే వాన సప్పుడు అసుంటిది కాదు, మెత్తగ, దూరంగ ఎవరో శెనిగెలు చెరుగుతున్నట్టు ఉంటది.

మా చెలక దాటినంక వాగు దిక్కు పోయే తొవ్వల ఒక వంపు ఉండె. ఆ వంపు కాడ వెదురు పొద, ఆ పొదల నాగటిగడ్డలు. ఒకటి రెండు కాదు, వానాకాలం నడుమకొస్తే ఆ పొద మొత్తం అంటుకున్నట్టు ఉండేది. మిరుగం అయినంక మొదటి మాటు అటు పోయిన రోజు బాపమ్మ మేకలను ఈవల ఆపి, తను ఒక్కతే వంగి చూసేది. మొలక లేచిందంటే మొఖం విచ్చుకునేది. "లేసినయి బిడ్డా, ఇగ ఇత్తనం పెట్టచ్చు" అనేది. బాపు రేడియోల వాతావరణం వార్తలు వింటుండె, గని బాపమ్మ మాట రాందే నాగలి కట్టలే ఎన్నడు.

ఆ చెట్టును దగ్గర్నుంచి చూడనిచ్చేది, ముట్టనియ్యకపోయేది. చేతులు ఎన్కకు కట్టుకోమని చెప్పి కూసోబెట్టేది. నేను గంటలు గంటలు చూసిన, అందుకే ఇప్పటికీ కండ్ల ముందల ఉన్నది. ఆకు కొస సన్నగ సన్నగ అయిపోయి దారమై, ఆ దారం వెదురు పుల్లకు రెండు మూడు చుట్లు చుట్టుకుంటది. చెట్టుకు వేరే తీగెలు లేవు, ఆకులతోనే పట్టుకొని ఎక్కుతది. మొగ్గ తల కిందికి వేసి వేలాడుతది. విచ్చుకున్నప్పుడు ఆరు రెక్కలు కిందికి తెరుసుకోవు, ఎన్కకు మళ్లి పైకి లేస్తయి, అంచులు కుచ్చిళ్ల లెక్క అలలు అలలు. మొదట్ల ఆకుపచ్చగనే ఉంటయి, తర్వాత మొదలు కాడ పసుపు, కొసలకు ఎరుపు, ఇంకో రెండు మూడు రోజులైతే ఎరుపు కిందికి దిగి దిగి మొత్తం కుంకుమ రంగు. ఒకే తీగ మీద కింద ముదురు ఎరుపు, నడుమ పసుపు, పైన పచ్చమొగ్గ ఒక్కసారే చూడచ్చు. పొయ్యిల మంట కూడ అట్లనే ఉంటది గదా.

"గింత మంచిగున్నది ఎందుకు ముట్టద్దు బాపమ్మా" అని అడిగితే "చూసేటందుకే పుట్టింది అది, నీకేం కష్టమైంది" అనేది.

ఎందుకు ముట్టద్దో ఒక ఏడు మా వాడకట్టుల అందరికి తెలిసింది. నాకంటే రెండేండ్లు చిన్న పిలగాడు, పశులు కాసేటోళ్లతోని పోయి, కందగడ్డ అనుకొని ఒకటి తవ్వి నిప్పులల్ల కాల్చుకున్నడు. ఒక్క కొరుకు కొరికి నోరు మండుతున్నదని ఉమ్మేసిండట గని కొంచెం కడుపులకు పోయింది. సాయంత్రం దాకా ఏం కాలే. రాత్రికి మొదలైనయి వాంతులు, విరేచనాలు, ఆగకుండ. బాపు ఎడ్లబండి కట్టిండు. కందిలి పట్టుకొని మా పెదబాపు ముందు నడిచిండు, ఆ బండి చక్రాల సప్పుడు, వాళ్లవ్వ ఏడుపు, వాగు దాటేటప్పుడు ఎడ్లను అదిలించే సప్పుడు, నేను దుప్పట్ల చెవులు మూసుకొని పన్న. తెల్లారేసరికి రోడ్డు మీదికి చేరి బస్సుల వరంగల్ తీస్కపోయిర్రు.

బతికిండు. పది పన్నెండు రోజులకు ఇంటికొచ్చిండు, చిక్కి సగమయిండు, గని నడుస్తున్నడు. ఇంటికొచ్చిన నాలుగు రోజులకు వాళ్లవ్వ తలకు నూనె పెడుతుంటే ఎంటికలు చేతికొచ్చినయి, గుప్పెళ్లు గుప్పెళ్లు. వారం తిరిగేసరికి గుండు. ఊర్లె దయ్యమన్నరు, అమ్మవారన్నరు. బాపమ్మ ఒక్కతే "అది గడ్డ గుణం, మల్ల మొలుస్తయి తియ్" అన్నది. మొలిచినయి కూడ, కొన్ని నెలలకు. ఇన్నేండ్ల తర్వాత చదువుకున్న పుస్తకంల అదే మాట చూసిన, ఈ విషం తగిలి బతికినోళ్లకు ఒకటి రెండు వారాలకు జుట్టు ఊడి మళ్లొస్తదని.

ఆ ఏడో తర్వాతి ఏడో గుర్తులేదు, సద్దుల బతుకమ్మ నాడు. తంగేడు, గునుగు, కట్లపువ్వు, బంతి, గుమ్మడి పువ్వు అన్నీ వాకిట్ల కుప్ప పోసి అవ్వ, చిన్నమ్మలు పేరుస్తున్నరు. గునుగుకు రంగులద్దుడు నా పని. నాకు ఒక ఆలోచనొచ్చింది, అన్ని బతుకమ్మలకన్న మాదే ఎత్తుగ, అందరికంటే మంచిగుండాలని, ఎవరికి చెప్పకుండ పోయి, చేతికి గుడ్డ చుట్టుకొని మూడు నాగటిగడ్డ పూలు తెంపుకొచ్చిన. తంగేడు వరుస మీద గుచ్చిన. నిజంగ చెప్తున్న, అంత అందమైన బతుకమ్మను నేను మల్ల చూడలే.

బాపమ్మ ఇంట్లకెల్లి వచ్చి చూసి ఆ మూడు పూలు తీసేసింది. నన్ను కొడుతదనుకున్న. కొట్టలే. ముందుగాల నా చేతులు కుంకుడుకాయ రసంతోని మూడు సార్లు కడిగింది, గోర్లల్ల కూడ. తర్వాత కూసోబెట్టుకొని చెప్పింది. "బతుకమ్మను యాడ ఏస్తం బిడ్డా? చెరువుల. ఆ చెరువుల నీళ్లు పశులు తాగుతయి, మనం తాగుతం, శాపలుంటయి. గౌరమ్మతోని పోయే పువ్వు నీళ్లకు మంచి చెయ్యాలె." ఆ మూడు పూలు ఏంజేసిందో నాకు తెలుసు. ఆ చీకట్ల, ఆటకు టైం అవుతుంటే, అవ్వ కోపం చేస్తున్నా వినకుండ, పొద కాడికి పోయి ఆ మొదట్లనే పెట్టొచ్చింది.

తర్వాత సంగతి రాయాల్నా వద్దా అని చాలా రోజులు ఆలోచించిన. బాపు ఉన్నప్పుడైతే రాయకపోదును.

నాకు వరంగల్‌ల డి-ఫార్మసీ సీటు వచ్చింది. మా ఊరినుంచి ఆడపిల్ల పట్నంల హాస్టల్ల ఉండి చదువుడు అదే మొదలు. మొదటి కిస్తు అప్పు తెచ్చి కట్టిర్రు. ఆ ఏడు పత్తిని పచ్చపురుగు తిన్నది, మందులు కొట్టి కొట్టి మందుల బాకీ మిగిలింది. రెండో కిస్తుకు చేతిల పైస లేదు. దీపావళి దాటినంక ఒక జీపు వచ్చింది ఊర్లెకు, ఎవరో ఇద్దరు, యాపచెట్టు కింద కాంటా పెట్టిర్రు, అడవి నుంచి ఏ గడ్డ తెచ్చినా, ఏ గింజ తెచ్చినా కొంటమన్నరు. అందులకెల్ల ఎక్కువ ధర నాగటిగడ్డకు. ఎక్కడికి పోతయి, ఎందుకు అంటే "మందులకు" అన్నరు, అంతే.

ఆ కాలంల తీగ ఎండిపోయి ఉంటది, గడ్డ నిండుగ ఉంటది. ఎక్కడ తవ్వాల్నో తెలియాలె. బాపు బాపమ్మ కొడుకాయె, తెలియకపోవుడేంది. గడ్డపార పట్టుకొని మూడు రోజులు పోయిండు. నేను సెలవులకు ఇంటికొచ్చిన ఆ రోజుల్లనే. సంచి కాంటా మీద పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్న, పురికోస సంచి కన్నాలల్లకెల్లి ఆ కొమ్ములు కనిపిస్తుండె. విరిగినయి తీసి పక్కకు పడేసిర్రు, మొనలు లేనివి వద్దన్నరు. బాపు పైసలు లెక్కపెట్టుకొని నా చేతిల పెట్టిండు, నా మొఖం చూడలే.

బాపమ్మ అరుస్తదనుకున్నం. ఏమనలే. బాపుకు అన్నం పెట్టింది, గొడ్లకు కుడితి పెట్టింది, ఎప్పటి లెక్కనే. పొద్దూకినంక యాపచెట్టు కాడికి పోయి పారేసిన ఆ విరిగిన ముక్కలన్నీ కొంగుల ఏరుకున్నది. తెల్లారి చిన్న పార తీస్కొని ఆ వంపు కాడికి పోయింది, నేను ఎన్కనే పోయిన. బాపు తవ్విన గుంతలల్ల ఒక్కో ముక్క పెట్టి మట్టి కప్పుకుంట పోయింది. సాయం చెయ్యబోతే "నీ చేతులు పుస్తకం పట్టుకునేటియి, ఉండనీ" అన్నది.

మొన విరిగిన ముక్క మొలవది. కన్ను అక్కడ్నే ఉంటది, కన్ను పోతే అది ఒట్టి గడ్డ, మట్టిల మురిగిపోతది. బాపమ్మకు ఆ సంగతి నాకంటే మంచిగ తెలుసు. తెలిసి పెట్టింది. మిరుగం వచ్చింది, ఆ వంపు కాడ ఏం లేవలే. ఇంకో మిరుగం వచ్చింది. ఆ వానాకాలం దాటక ముందే బాపమ్మ పోయింది. ఆ తర్వాత వెదురు కూడ కొట్టుకపోయిర్రు, ఆ తొవ్వ ఇప్పుడు సిమెంట్ రోడ్డు.

కాలేజీల మందుమొక్కల గురించి చెప్పే క్లాస్‌ల ఒక రోజు కోల్చికమ్ అనే మొక్క వచ్చింది. ఐరోపాల పచ్చికబయళ్లల్ల పూస్తది, దాని గడ్డల, గింజల కోల్చిసిన్ అనే పదార్థం ఉంటది, గౌట్ అనే కీళ్లనొప్పికి మందు, 1820ల ఫ్రాన్స్‌ల పెలెటియే, కావెంటూ అనే ఇద్దరు దాన్ని మొదలు విడదీసిర్రు. మోతాదు కొంచెం దాటినా విషమే. జీవకణాలు రెండుగ చీలకుండ అడ్డం పడుతదట, అందుకే పేగులు, ఎంటికలు, ఎక్కడెక్కడ కణాలు జల్దీ జల్దీ పుడుతుంటయో అక్కడ ముందు దెబ్బ కొడుతది. ఆ పిలగాని గుండు నాకు గుర్తొచ్చింది. ఇదంత చెప్పి చివర్ల సారు ఒక్క మాట అన్నడు, "మన దేశంల దీన్ని గ్లోరియోసా సుపర్బా నుంచి తీస్తరు" అని, బోర్డు మీద బొమ్మ గీసిండు. వంగిన గడ్డ, రెండు కొమ్ములు. నేను నోట్స్ రాసుడు ఆపేసిన. నా ఫీజు ఏ సంచిల నుంచి వచ్చిందో ఆ సంచి బొమ్మ బోర్డు మీద ఉన్నట్టు అనిపించింది.

తర్వాత ఇరవై ఏండ్లకు పైన మందుల షాపుల పని. ఆ గోలీ ఎన్నిసార్లు ఇచ్చిన్నో లెక్కలేదు, చిన్నది, అర మిల్లీగ్రాము. ఒక్క రోజు బాపుకే ఇచ్చుడు పడ్డది. బొటనవేలు ఉబ్బి, ఎర్రగయి, దుప్పటి తాకినా ఓర్చుకోలేక హన్మకొండకు వచ్చిండు, డాక్టర్ యూరిక్ యాసిడ్ చూసి గౌట్ అన్నడు, చీటీ రాసిండు. ఇంటికొచ్చి గోలీ చేతిల పెట్టి నీళ్లు ఇచ్చిన. చెప్పకుండ ఉండాల్సింది కావచ్చు, గని చెప్పిన. "బాపూ, ఇది నాగటిగడ్డ మందే."

బాపు ఆ గోలీని అరచేతిల పెట్టుకొని చాలాసేపు చూసిండు. వేలితోని అటు ఇటు దొర్లిచ్చిండు. "గింతేనా" అన్నడు. "గింతే బాపూ." నోట్లె ఏసుకున్నడు. ఆ రాత్రి నొప్పి తగ్గింది. పొద్దున లేచి చాయ్ తాగుకుంట "మీ బాపమ్మ..." అని మొదలుపెట్టి ఆపేసిండు. నేను అడగలే.

ఆ సంగతి అయినంకనే నాకు దాన్ని పెంచుకోవాలని పుట్టింది. అడవికి పోయి తవ్వుడు నాతోని కాదు. తమిళనాడుల కరూర్, దిండిగల్, తిరుప్పూర్ దిక్కు రైతులు దీన్ని చేన్లల్ల పంట లెక్క పండిస్తరు, గింజల కోసం, ఎందుకంటే మందు గడ్డల కంటే గింజలల్ల ఎక్కువ. వాళ్ల రాష్ట్ర పువ్వు కూడ ఇదే, మనకు తంగేడు లెక్క. పండించినయి అమ్మే నర్సరీ నుంచి ఆన్‌లైన్‌ల రెండు గడ్డలు తెప్పించిన. ఒకటి పార్సిల్ విప్పేటప్పుడే నా చేతులల్ల పుటుక్కుమన్నది, మొన విరిగి కింద పడ్డది. కుండి ముందల కూసొని ఏడ్చిన, మా ఆయన ఏమైందోనని ఉరికొచ్చిండు.

రెండోదాన్ని చేతులకు గ్లౌజులు ఏసుకొని పసిబిడ్డను పండబెట్టినట్టు పండబెట్టిన. నిలువుగ పెట్టద్దు, అడ్డంగ పెట్టాలె, పైన రెండు మూడు అంగుళాల మట్టి, కుండి అడుగుకు రంధ్రాలు మంచిగుండాలె, నీళ్లు నిలిస్తే మురుగుతది. ఇసుక, ఎర్రమట్టి, బాగ మాగిన పశువుల ఎరువు. పక్కకు వెదురు పుల్లలు గుచ్చిన. కింద పోర్షన్ల చిన్న పిల్లలుంటరు కాబట్టి మెట్ల కాడ గేటుకు తాళం, కుండి చుట్టు జాలి. మీరు ఎవరైనా పెంచితే ఈ తాళం సంగతి మాత్రం మర్చిపోకండి, చెట్టుల ప్రతి భాగం విషమే. వానలు ఆగి తీగ ఎండినంక నీళ్లు పూర్తిగ బంద్ చెయ్యాలె. అప్పుడు తవ్వి చూస్తే పెట్టిన గడ్డ ఉండదు. పాతది తన బలమంత ఇచ్చేసి పొట్టు లెక్క ముడుచుకొని ఉంటది, పక్కన కొత్త గడ్డ, అదే వంపు, అవే రెండు కొమ్ములు. ప్రతి ఏడు అంతే. మొదటిసారి చూసినప్పుడు ఆ పొట్టును పారెయ్యబుద్ధి కాక మల్ల కుండిలనే పెట్టిన.

మూడో ఏడు మంచిగ పూసింది. 2024 ఆగస్టుల బాపు చెకప్‌కు వచ్చిండు. డాబా మీదికి మెట్లు ఎక్కలేకపోయె, చెయ్యి పట్టుకొని ఎక్కించిన. జాలి తీసి చూపించిన. బాపు కుర్చీల కూసోలే, కుండి ముందల గచ్చు మీద చతికిలబడ్డడు. తొమ్మిది పూలున్నయి, వేలు చూపుకుంట లెక్కపెట్టిండు, మల్ల ఒకసారి లెక్కపెట్టిండు.

"ఇది కాయ కాస్తదా?" అన్నడు.

కాస్తలేదు బాపూ, పూసి రాలిపోతున్నయి అన్న. బాపు పువ్వును దగ్గరికి వంగి చూసిండు, అడవిల పెరిగినోని కన్ను గదా, నేను మూడేండ్లు చూసినా పట్టించుకోనిది ఒక్క నిమిషంల పట్టుకున్నడు. పువ్వు నడుమ నుంచి ఒక కాడ బయటికొస్తది, అది తిన్నగ ఉండదు, మొదట్లనే విరిచినట్టు పక్కకు మళ్లుతది, పుప్పొడి ఉన్న కాడలకు దూరంగ. "దీనిది దీనికి అంటదు బిడ్డా. తేనెపిట్టనో సీతాకోకచిలుకనో రావాలె. మీ పట్నంల డాబా మీదికి ఏదొస్తది?" అన్నడు. తమిళనాడుల రైతులు కూడ పొద్దున్నే చేతులతోని అద్దుతరట, అది నేను తర్వాత చదివిన. బాపు ఏం చదవకుండనే దేవుని అర్రకెల్లి కొంచెం దూది తెమ్మన్నడు. గ్లౌజులు ఏసుకో బాపూ అంటే ఏసుకున్నడు, పెద్దగున్నయి, వేళ్ల కొసలు వేలాడుతున్నయి. దూది ఒత్తి చేసి ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వు కాడ కొసకు, దానిది దీనికి, తొమ్మిది పూలకు అద్దిండు. చేతులు వణుకుతున్నయి, గని ఒక్క రెక్క రాలలే.

అంత అయినంక "ఆ గుంతలల్ల మీ బాపమ్మ ముక్కలు పెట్టుకుంట పోతుంటే నేను చెట్టు చాటున ఉన్న" అన్నడు. నేను ఆ రోజు అక్కడ్నే ఉన్న, బాపును చూడలే. ఇన్నేండ్లు ఆ మాట తనలనే పెట్టుకున్నడు. ఏమనాల్నో తెలియక గ్లౌజులు విప్పి చేతులు కడిగిచ్చిన, గోర్లల్ల కూడ.

ఊరికి పోయిన వారం పది రోజులకు ఫోన్ చేసిండు. రాత్రి. సిగ్నల్ వస్తున్నది, పోతున్నది. "అడవి పన్నది బిడ్డా" అన్నడు. అర్థం కాలే. "గాలి వచ్చింది, గంటసేపు, అడవంత పన్నది." ఆ గొంతు నేను ఎన్నడు వినలే. మేడారం జాతరకు పిల్లలను భుజాన ఏసుకొని ఆ అడవిల నడిచిన మనిషి, ప్రతి మానును పేరు పెట్టి పిలిచేటోడు. తెల్లారి తమ్ముడు చెప్పిండు, బాపు అన్నం తినలేదని.

ఆ బతుకమ్మ పండుగకు ముందే బాపు పోయిండు. నిద్రల. పదకొండు రోజులైనంక నేను హన్మకొండకొచ్చి డాబా ఎక్కితే తీగ పసుపు పచ్చగయి ఎండుతున్నది, ఆరు కాయలు పట్టినయి. పచ్చటియి, మూడు గదుల కాయలు, వేలంత. ఇంకొన్ని వారాలకు అవి ఎండి పగిలి, లోపల ఎర్రటి గింజలు, వరుసలు వరుసలుగ. ఎండబెట్టి కాయితంల మడిచి, బాపు కళ్లద్దాల డబ్బల పెట్టిన. ఆ డబ్బ నేనే తెచ్చుకున్న ఇంటి నుంచి, ఎవరూ అడగలే.

మల్లొచ్చిన మిరుగానికి తమ్మునితోని కలిసి మా చెలక గెట్టు మీద, పశులు రాని మూలకు, వెదురు ముళ్ల కంచె పక్కన నలభై గింజలు పెట్టినం. చుట్టు రాళ్లు పేర్చినం గుర్తుకు. గింజ నుంచి వచ్చింది పూయాలంటే మూడు నాలుగేండ్లు పడుతది, ముందు గడ్డ కట్టాలె గదా. తమ్మునికి అంత ఓపిక లేదనుకున్న.

సంవత్సరీకం అయినంక, పిండప్రదానం అయి, బంధువులు తిని లేచినంక, మేమిద్దరమే చెలకకు పోయినం. నేను తొవ్వ మీద చూసిన ఆ ఏడు పూల సంగతి చెప్పుకుంట పోతున్న, వాడు ఆగి నిలబడి విన్నడు. "మన బాపు తవ్వంగ మిగిలినయా అక్కా?" అన్నడు. అది ఏడికెల్లి, ఇది ఏడికెల్లిరా, అది వేరే అడవి, మన వంపుకు చాలా దూరం అన్న. "అయితే ఏంది" అన్నడు వాడు.

గెట్టు కాడ వంగి చూసినం. నలభైల మూడు లేచినయి. గడ్డిపోచలే అవి, ఎవరూ గుర్తుపట్టరు, ఒక్కోదానికి రెండు సన్నటి ఆకులు, కొసలకు ఇంకా దారం రాలే. "మొన్న కలుపు అనుకొని పీకబోయిన అక్కా, రాళ్లు చూసి ఆగిన" అన్నడు. నేను మోకాళ్ల మీద కూసున్న, చేతులు ఎన్కకు కట్టుకొని. చిన్నప్పటి అలవాటు, ఎవరూ చెప్పకుండనే అట్ల పోయినయి చేతులు.

పొద్దూకుతుంటే లేచినం. తమ్ముడు నాలుగడుగులు ఏసి మల్ల ఎన్కకొచ్చి, ఒక రాయిని కొంచెం లోపలికి జరిపిండు, మేక కాలు పడకుండ.